డికే అంటే కుళ్ళడమేనా? ఆ మాట పుట్టుక, అర్థాలు, తెలుగులో దానికి తగిన మాటలు

అడిగినవి మూడు. ఇంగ్లిష్‌లో 'డికే' (decay) అంటే కుళ్ళడమే అయితే పరమాణువుకూ, ధ్వనికీ, ఉపగ్రహ కక్ష్యకూ అదే మాట ఎందుకు వాడతారు? రాట్, ప్యూట్రిఫై, కరోడ్ లాంటి మాటలతో దానికి చుట్టరికం ఉందా? తెలుగులో రాసేటప్పుడు ఎక్కడ ఏ మాట వేయాలి? మొదటి ప్రశ్న తేలితే మిగతా రెండూ సగం తేలిపోతాయి కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

డికేలో అసలు కుళ్ళు లేదు. ఉన్నది పడిపోవడం. మూలం లాటిన్‌లో 'పడు' అనే అర్థమున్న 'కదెరె'. దాని ముందు 'కిందికి' అని చెప్పే 'దె' చేరింది. గ్రంథస్థ లాటిన్‌లో ఈ రెండూ కలిస్తే మధ్య అచ్చు మారి 'దెకిదెరె' అవుతుంది. మాట్లాడే జనం మాత్రం ఆ మార్పు లేకుండా 'దెకదెరె' అని ఉంటారని భాషావేత్తలు ఊహించి కట్టారు, ఎందుకంటే ఫ్రెంచి రూపాలు దాన్నుంచే సరిగ్గా వస్తాయి. ఉత్తర ఫ్రాన్స్ మాండలికంలో అది 'దెకాయిర్' అయింది. ఇంగ్లండ్‌ను నార్మన్లు ఏలాక అక్కడ పాతుకున్న ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ప్యారిస్ వైపు ఫ్రెంచిలో ఇదే మాటలో 'క' కాస్తా 'ష' వైపు జరిగింది. నేటి ఫ్రెంచిలో 'దెషువార్' అంటే ఉన్న స్థాయి నుంచి దిగజారడం, 'దెషే' అంటే చెత్త. ఇంగ్లిష్ మాటలో 'క' గట్టిగా నిలబడి ఉండటమే అది ఉత్తరాది సరుకని చెప్పే గుర్తు. పశువులకు వాడే 'కాటిల్', చరాస్తికి వాడే 'చాటెల్' కూడా ఇలాగే ఒకే మాటకు రెండు ప్రాంతాల రూపాలు.

ఇంగ్లిష్‌లో అడుగుపెట్టిన కొత్తలో డికే అయ్యేవి పండ్లూ శవాలూ కావు. సంపద, బలం, అధికారం, ఊళ్ళు, వంశాలు. ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ కాలపు చట్టాల్లో 'డికేడ్' పట్టణాల ఊసు వస్తుంది. ఇళ్ళు కూలి, జనం తగ్గి, కళ తప్పిన ఊళ్ళని అర్థం. ఆ తరవాత కూడా చాలాకాలం 'డికేడ్ జెంటిల్‌వుమన్' అంటే ఒకప్పుడు బాగా బతికి ఇప్పుడు చితికిపోయిన కుటుంబపు స్త్రీ. పాత ఇంగ్లిష్ దస్తావేజుల్లో ఈ ప్రయోగం కనిపిస్తే శరీరానికి సంబంధించిన అర్థం తీసుకోకండి. సేంద్రియ పదార్థం చివికిపోవడం అనే అర్థం 16వ శతాబ్దం చివరి భాగంలో గాని స్థిరపడలేదు. నిఘంటువుల్లో ఇప్పుడు మొదట కనిపించే అర్థం వయసులో చిన్నది.

అదే 'కదెరె' నుంచి ఇంగ్లిష్‌కు వచ్చిన సంతానం చాలా పెద్దది. మీద వచ్చి పడేది యాక్సిడెంట్. పడమరకు పాత పేరు ఆక్సిడెంట్, సూర్యుడు పడే దిక్కు కాబట్టి. ఆకులు రాల్చే చెట్లు డెసిడ్యుయస్. గొంతు దిగే తీరు కేడెన్స్. జలపాతం కాస్కేడ్. పాచిక ఎలా పడితే అలా జరిగేది ఛాన్స్. పారాచూట్‌లో 'చూట్' కూడా పడటమే. శవానికి వైద్యులు వాడే 'కడావర్' బహుశా 'పడిపోయినది' అనే. దీని గురించి ఒక కట్టుకథ బాగా తిరుగుతోంది: 'కారో దాతా వెర్మిబుస్', అంటే పురుగులకిచ్చిన మాంసం, అనే మూడు లాటిన్ మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ మాట చేశారని. అది మధ్యయుగపు పాండిత్యపు చమత్కారం, అంతకుమించి ఏమీ కాదు. పొడి అక్షరాలతో పుట్టిందని చెప్పే ఏ పాత పదవ్యుత్పత్తినైనా మొదట అనుమానించడం మంచిది.

పడటమే మూలమని గుర్తుంటే పరమాణువు చిక్కు ఉండదు. 1902లో శాస్త్రవేత్తలు రూథర్‌ఫర్డ్, సాడీ కలిసి కెనడాలోని మాంట్రియల్‌లో తేల్చింది, రేడియోధార్మికత అంటే ఒక మూలకం ఇంకొకటిగా మారడమని. అక్కడ కుళ్ళేది ఏదీ లేదు. అస్థిరమైన కేంద్రకం తక్కువ శక్తి స్థితికి దిగుతుంది. అందుకే ఇంగ్లిష్‌లో 'దేనిలోకి' అన్నది కూడా చెప్పాలి: యురేనియం-238 థోరియం-234లోకి, కార్బన్-14 నైట్రోజన్-14లోకి, అయొడిన్-131 జెనాన్-131లోకి. ఈ 'లోకి'ని వదిలేసి 'యురేనియం క్షయమైపోతుంది' అని మాత్రమే రాస్తే పదార్థం మాయమైపోతుందని పాఠకుడు అనుకుంటాడు. తెలుగు పాఠాల్లో బాగా కనిపించే పొరపాటు ఇదే.

దీనికి తోడు అర్ధాయువు, అంటే ఉన్న కేంద్రకాల్లో సగం మారడానికి పట్టే కాలం, గురించి ఇంకో అపోహ ఉంది. కార్బన్-14 అర్ధాయువు సుమారు 5,730 ఏళ్ళు. రెండు అర్ధాయువులు గడిస్తే మొత్తం అయిపోదు, పావు వంతు మిగులుతుంది. పది గడిస్తే 1,024లో ఒక వంతు. సగటు ఆయువు, అంటే ఒక్కో కేంద్రకం మారకుండా నిలిచే సగటు కాలం, అర్ధాయువు ఒకటి కాదు: అర్ధాయువును 1.443తో గుణిస్తే సగటు ఆయువు. అంతకాలం గడిచేసరికి మిగిలేది సగం కాదు, 36.8 శాతం. అనువాదంలో ఈ రెండిటికీ ఒకే మాట వేస్తే లెక్కలన్నీ తప్పుతాయి. అణు రియాక్టర్ల విషయంలో వినిపించే 'డికే హీట్' కూడా ఇక్కడిదే. గొలుసుకట్టు చర్య ఆపేసిన క్షణంలో కూడా, అప్పటికే పోగైన కేంద్రకాలు దిగుతూ ఉండటం వల్ల పూర్తి సామర్థ్యంలో 6 నుంచి 7 శాతం వేడి వస్తూనే ఉంటుంది. గంట తరవాత అది సుమారు 1.5 శాతానికి తగ్గుతుంది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో చల్లబరిచే ఏర్పాటు లేక ఇంధనాన్ని కరిగించింది ఈ వేడే. దీన్ని 'కుళ్ళు వేడి' అని యంత్రానువాదం చేసిన పేజీలు ఉన్నాయి. 'క్షయోష్ణం' అనండి, లేదా 'క్షయం వల్ల పుట్టే వేడి' అని విడమరచండి.

ఉపగ్రహ కక్ష్యకు వాడే డికేలో పడటం అక్షరాలా పడటమే. దిగువ కక్ష్యలో పలచని గాలి ఒరిపిడికి ఉపగ్రహం ఎత్తు కోల్పోతుంది. ఇందులో మొదటిసారి చదివినవారికి మింగుడుపడని విషయం ఒకటుంది: ఎత్తు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, ఎందుకంటే కింది కక్ష్యలో తిరగాలంటే ఎక్కువ వేగం కావాలి. కాబట్టి 'ఉపగ్రహం నెమ్మదించి పడిపోయింది' అని రాయడం తప్పు. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌ను 1973లో పంపారు. సూర్యుడి చురుకుదనం పెరిగి పైవాతావరణం వేడెక్కి ఉబ్బడంతో ఒరిపిడి ఎక్కువై, అనుకున్నదానికన్నా ముందే 1979 జులై 11న హిందూ మహాసముద్రం, పశ్చిమ ఆస్ట్రేలియాల మీద రాలింది.

ధ్వనిలో డికే అంటే స్థాయి దిగడం. హాల్లో ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలం తీసుకుంటారు. అంటే శక్తి పది లక్షల్లో ఒక వంతుకు తగ్గాలి. సింథసైజర్ (ఎలక్ట్రానిక్ సంగీత వాద్యం) వాడేవాళ్ళకు అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అనే నాలుగు దశలు తెలుసు. కొత్తవాళ్ళు అక్కడ డికేను 'శబ్దం ఆగిపోవడం' అనుకుని ఆ నాబ్‌నే తిప్పుతూ కూర్చుంటారు, మీట వదిలాక నాదం ఎందుకు సాగుతోందో అర్థం కాదు. డికే కేవలం మొదటి శిఖరం నుంచి సస్టెయిన్ మట్టం దాకా దిగే సమయం. మీట వదిలాక సున్నాకు దిగేది రిలీజ్.

ప్రోగ్రామర్లకు ఇంకో డికే తెలుసు. సి భాషలో పది పూర్ణాంకాల అర్రేను (వరుసగా పేర్చిన విలువల జాబితాను) ఫంక్షన్‌కు పంపితే అది పాయింటర్‌గా, అంటే మొదటి విలువ ఉన్న చోటి చిరునామాగా, 'డికే' అవుతుంది. బయట సైజ్‌ఆఫ్ (పరిమాణం ఎన్ని బైట్లని) అడిగితే, పూర్ణాంకం 4 బైట్లయిన యంత్రంలో, 40 వస్తుంది. ఫంక్షన్ లోపల అడిగితే 64-బిట్ యంత్రంలో 8 వస్తుంది, అది పాయింటర్ పరిమాణం. డేటా చెక్కుచెదరలేదు, 'నా పొడవు ఇంత' అనే సమాచారం మాత్రం పోయింది. హోదా కోల్పోవడం అనే పాత 15వ శతాబ్దపు అర్థం ఇంత సూటిగా బతికి ఉన్న చోటు నాకు ఇంకొకటి కనబడలేదు.

ఇక రాట్. ఇది ఫ్రెంచి మీదుగా వచ్చింది కాదు, ఇంగ్లిష్ పుట్టినింటి మాట. పాత ఇంగ్లిష్‌లో 'రోతియన్'. డికేకు ఏ రకంగానూ చుట్టం కాదు. దీనిలో తడి ఉంది, సూక్ష్మజీవి ఉంది, మెత్తబడటం ఉంది. రాటెన్ అనే విశేషణం మాత్రం ఇంగ్లిష్ రాట్ నుంచి తయారైంది కాదు, ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాండినేవియన్ల 'రోతిన్' అది. ఇంగ్లిష్ సొంత భూతకాల రూపం రాటెడ్. ఇది వాడుకలో పనికొచ్చే తేడా. చెడిన గుడ్డు, పండు, చెడ్డ మనిషి, చెడ్డ వాతావరణం అయితే రాటెన్. జరిగిన పని చెప్పాలంటే, అంటే దూలం చివికిపోయింది అనాలంటే, రాటెడ్. తోటపని పుస్తకాల్లో బాగా మాగిన పశువుల ఎరువును 'వెల్-రాటెడ్' అంటారు. దాన్ని రాటెన్ ఎరువు అంటే పాడైన సరుకు అమ్ముతున్నారని అర్థం వస్తుంది. నారమొక్కల కాండాలను నీళ్ళలో నానబెట్టి నార విడదీసే పనికి ఇంగ్లిష్‌లో ఉన్న 'రెటింగ్' కూడా బహుశా ఈ రాట్ కుటుంబానిదే.

చెక్క పనిలో వాడుక మాట రాట్, ఇంజనీరింగ్ నివేదికల్లో రాసేది డికే. తేమ 20 శాతం లోపు ఉన్న చెక్కకు శిలీంధ్రం పట్టదు. అది మొదలవ్వాలంటే తేమ సుమారు 28, 30 శాతానికి చేరాలి. బ్రౌన్ రాట్ శిలీంధ్రాలు చెక్కలోని పీచు పదార్థం సెల్యులోజ్‌ను తిని, దాన్ని అతికించి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తాయి, అందుకే చెక్క గోధుమరంగు తిరిగి అడ్డంగా, నిలువుగా పగిలి చిన్న గళ్ళలా విడిపోతుంది. బరువు కొద్దిగా తగ్గేసరికే బలం చాలావరకు పోయి ఉంటుంది, కాబట్టి పైకి గట్టిగా కనిపించినా సూది మొన గుచ్చి చూడాలి. వైట్ రాట్ లిగ్నిన్‌ను కూడా తింటుంది, మిగిలేది తెల్లటి పీచు. 'డ్రై రాట్' అన్న పేరు మోసకారి. పొడి చెక్కను ఏదీ కుళ్ళించలేదు. దానికి కారణమైన శిలీంధ్రం సెర్పులా లాక్రిమాన్స్, పేరులోని రెండో మాటకు 'కన్నీరు కార్చేది' అని అర్థం, ఒంటి మీద నీటి బొట్లు పేర్చుకుంటుంది కాబట్టి. 'పొడి కుళ్ళు' అని అనువదించి వదిలేస్తే తేమ వెతకాల్సినవాడు వెతకడం మానేస్తాడు.

రాట్‌కు రాజకీయంలోనూ చోటుంది. ఓటర్లు డజను మంది కూడా లేకుండా ఇద్దరు సభ్యుల్ని బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన ఓల్డ్ సారమ్ లాంటి నియోజకవర్గాలను 'రాటెన్ బరో' అనేవారు. 1832 సంస్కరణ చట్టం వాటిని తుడిచేసింది. క్రికెట్ వ్యాఖ్యానంలో వికెట్లు టపటపా పడుతుంటే 'రాట్' మొదలైందంటారు, దాన్ని ఆపిన బ్యాటర్‌ను మెచ్చుకుంటారు. 2024లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాటగా ఎంచిన 'బ్రెయిన్ రాట్' ఇంటర్నెట్ పిల్లల సృష్టి అనుకుంటారు గాని, తెలిసినంతలో తొలి ప్రయోగం 1854లో అమెరికన్ రచయిత థోరో చేసింది. అప్పట్లో బంగాళాదుంప పంటను నాశనం చేస్తున్న తెగులును అందరూ రాట్ అంటుండటంతో, దుంపలకు మందు వెతుకుతున్నారు గాని మెదళ్ళకు వెతకరేమని ఆయన ఎత్తిపొడుపు. ఒక హెచ్చరిక: రాట్-13 అనే అక్షరాల గుప్తలిపిలోని రాట్ 'రొటేట్'కు పొట్టి రూపం, జర్మన్‌లో 'రోట్' అంటే ఎరుపు. రెండిటికీ కుళ్ళుతో సంబంధం లేదు.

సంస్కృతంతో నిజమైన చుట్టరికం ఉన్నది ప్యూట్రిఫై, ప్యూట్రిడ్ (కుళ్ళి కంపుకొట్టే) మాటల కుటుంబానికి. మనం పూతిగంధం అంటాం కదా, ఆ 'పూతి', చీముకు సంస్కృతంలో ఉన్న 'పూయము', లాటిన్ 'పుత్రిదుస్', వైద్యుల 'పస్', అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఇంగ్లిష్ 'ఫౌల్', 'ఫిల్త్' కూడా ఆ ఇంటివే. జర్మానిక్ భాషల్లో మాట మొదటి 'ప' కాస్తా 'ఫ' అయింది: పాదానికి ఫుట్, పితృకు ఫాదర్, పూతికి ఫౌల్. శాస్త్రంలో ప్యూట్రిఫాక్షన్ అంటే ఏదో ఒక కుళ్ళు కాదు, గాలి అందని చోట బ్యాక్టీరియా ప్రోటీన్లను విరగ్గొట్టడం. ఆ కంపు ఇచ్చే వాటిలో ప్యూట్రెసీన్, కడావరీన్ ముఖ్యం. 1885లో బెర్లిన్ వైద్యుడు లుడ్విగ్ బ్రీగర్ వర్ణించినవి. మొదటిది ఆర్నిథీన్, రెండోది లైసీన్ అనే అమైనో ఆమ్లాల నుంచి వస్తాయి. ఎండుటాకులు చివకడానికి, చెక్క తినబడటానికి ఈ మాట వాడకూడదు. గదిలో సువాసనకు పెట్టే 'పోపురీ' కూడా ఈ ఇంటి బిడ్డే కావడం విచిత్రం: ఫ్రెంచిలో దాని అర్థం కుళ్ళిన కుండ, అదీ స్పానిష్ కలగూర వంటకం 'ఓయా పొద్రిదా'కు మక్కికి మక్కి.

గ్రీకులో కుళ్ళించడానికి ఉన్న క్రియ నుంచి సెప్టిక్, యాంటీసెప్టిక్, సెప్సిస్ వచ్చాయి. డీకంపోజ్ అంటే కూర్చినదాన్ని విడదీయడం, జీవితో పనిలేదు. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూ కాల్చితే అది సున్నంగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోవడం కూడా డీకంపోజిషనే. దాన్ని రాట్ అనగలరా? కరోజన్, ఎరోజన్ లాటిన్ 'రొదెరె' బిడ్డలు, కొరకడం అని అర్థం. ఎలుకల జాతి రోడెంట్ కూడా అక్కడిదే. సంస్కృత 'రదనం', మన జీవశాస్త్ర పాఠంలో కోరపళ్ళకు వచ్చే 'రదనికలు' దీనికి దూరపు బంధువులు. రస్ట్ మాత్రం ఎరుపు నుంచి వచ్చింది, రెడ్‌కూ మన రుధిరానికీ చుట్టం. అందుకే ఇంగ్లిష్‌లో రస్ట్ ఇనుముకే. రాగి, అల్యూమినియం కరోడ్ అవుతాయి గాని రస్ట్ అవ్వవు. తెలుగులోనూ ఇనుముకు తుప్పు, రాగికి చిలుము అనే తేడా ఉంది, వదులుకోకండి.

తెలుగు మాటల ఎంపికకు వద్దాం. శాస్త్రంలోని డికేకు 'క్షయం' బాగా సరిపోతుంది: తగ్గిపోవడం, తరిగిపోవడం. ఆ 'క్షి' ధాతువుకు గ్రీకు బంధువు నుంచే టీబీకి ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఉన్న పేరు 'థైసిస్' వచ్చింది. రెండు వైపులా ఆ జబ్బుకు తరిగిపోవడమనే పేరే పెట్టారు. నైతికంగా, సాంస్కృతికంగా అయితే 'పతనం' వేయండి, అందులో పడటం అలాగే ఉంది. భవనాలకు శిథిలం. చెక్కకు, గుడ్డకు చివుకు. కూరగాయలు, పళ్ళు, గింజలు పుచ్చుతాయి. వండినది పాచిపోతుంది. దంతానికి పుస్తక భాషలో దంతక్షయం, మాట్లాడేటప్పుడు పుచ్చు. అక్కడ జరిగేది బ్యాక్టీరియా చక్కెర తిని వదిలిన ఆమ్లం పీహెచ్‌ను సుమారు 5.5 కంటే కిందికి దించడం, దానివల్ల ఎనామెల్‌లోని ఖనిజం కరగడం. కుళ్ళు కాదు కనుక 'కుళ్ళిన పన్ను' కంటే 'పుచ్చిన పన్ను' సరైనది. శవానికి, మాంసానికి కుళ్ళు. ధ్వనికి, సిగ్నల్‌కు సన్నగిల్లడం.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు జారే చోట్లు కొన్ని. ఆహారానికి డికేడ్ అనడం అరుదు. పాలు పులుస్తాయి, నూనె ర్యాన్సిడ్ అవుతుంది, రొట్టె స్టేల్ అవుతుంది, మిగతావాటికి స్పాయిల్డ్ చాలు. రొట్టె స్టేల్ కావడం చెడిపోవడం కూడా కాదు, పిండిపదార్థం అమరిక మారి గట్టిపడటం. డికే ఈరోజుల్లో ఎక్కువగా అకర్మకం, 'చక్కెర పళ్ళను డికే చేస్తుంది' అనే కట్టు పాతబడింది. 'డికేకు కారణమవుతుంది' అని తిప్పాలి. ఊనిక రెండో అక్షరం మీద ఉంటుంది, డి పొట్టిగా, కే గట్టిగా. ఇది తప్పితే డికేడ్ కాస్తా దశాబ్దాన్ని చెప్పే 'డెకేడ్'లా వినిపిస్తుంది. ఆ డెకేడ్ గ్రీకు 'పది' నుంచి వచ్చింది, దీనికి ఏమీ కాదు. పడిపోవడానికి నిజమైన తోబుట్టువు డెకడెన్స్. మరణించినవారికి వాడే డిసీస్డ్ 'వెళ్ళిపోవు' అనే వేరే లాటిన్ క్రియది. వ్యాధిగ్రస్తుడైన 'డిసీజ్డ్' మనిషితో దాన్ని కలిపేస్తే బతికున్నవాడిని చనిపోయినవాడిగా రాసినట్టే. అక్షరాలు సరిచూసే సాఫ్ట్‌వేర్ ఈ తప్పును పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన స్పెల్లింగులే.